బస్తా ఇరవై ఆరు కిలోలు... ఇంట్లో ఇద్దరే!

కోదాడలోని ఆ ఇంటికి ఏళ్లుగా మిర్యాలగూడ మిల్లు బియ్యమే వస్తాయి. పిల్లలున్నప్పుడు నెల తిరక్కుండానే బస్తా ఖాళీ. ఇప్పుడు కొడుకు హైదరాబాద్‌లో, కూతురు సూర్యాపేటలో అత్తారింట్లో. మిగిలింది ఆలుమగలే. బస్తా మాత్రం చిన్నదవలేదు!

ఓ వానాకాలం ఆమె చేటలో బియ్యం పోసుకుంటే... అన్నీ ముక్కపురుగులే. ఆరబోసింది, చెరిగింది. అయినా ఐదారు కిలోలు పక్కింటి కోళ్లపాలయ్యాయి. 'అత్తమ్మ ఉంటే ఎంత బాధపడేదో' అని కళ్లనీళ్లు పెట్టుకుంది. 'నీ తప్పేముందే... ఒకసారి కుట్టు విప్పితే ఈ సంచీకి మళ్లీ మూతేది?' అన్నాడాయన.

నిజమే. రోజుకు అరకిలో వండినా 26 కిలోలు 52 రోజులొస్తాయి. అన్నాళ్లూ సంచీ నోరు తెరిచే ఉంటుంది. అసలీ 26 లెక్కేమిటంటారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తరవాతే బజార్లో 26 కిలోల బస్తాలు కనిపించాయి. సంచీ కొలత తేల్చింది పన్ను... తినే నోళ్లు కాదు!

ఇలా పోయేది చిన్నమొత్తమేం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. తొక్కల్లాంటివీ అందులో ఉన్నాయనుకోండి. దాన్లో 60 శాతం ఇళ్లలోంచే. మనదేశంలో మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా.

సంచీ మారితే కొంతైనా ఆగుతుంది. 1980ల్లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు కామెరూన్ రైతుల అలసందల కోసం మూడు పొరల సంచీ తయారుచేశారు. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన మామూలు బస్తా. ఒక్కో పొరనీ బిగించి కడితే లోపలి ఆక్సిజన్‌ని పురుగులే వాడేసుకుని, కొత్తగాలి అందక చచ్చిపోతాయి. మందు అక్కర్లేదు. బియ్యానికైనా, పప్పులకైనా కిటుకు అదే... గాలి చొరబడకూడదు. చిన్న ప్యాకెట్లు కొనొచ్చు కానీ కిలో ధరా పెరుగుతుంది, ప్లాస్టిక్కూ పెరుగుతుంది.

తేదీల సంగతీ తెలుసుకోవాలి. 'బెస్ట్ బిఫోర్' రుచికీ నాణ్యతకీ సంబంధించింది. అది దాటగానే పారేయక్కర్లేదు. 'యూజ్ బై' దాటితే మాత్రం తినకూడదు. 2020 లేబులింగ్ నిబంధనలు ఈ రెండోదాన్నే తప్పనిసరి చేశాయి. అయితే ఆ తేదీలు విప్పని ప్యాకెట్‌కే!

ఈసారి బస్తా రాగానే కోదాడ ఇల్లాలు రెండు బిగుతు మూతల డబ్బాలు కడిగి, పొడిగా తుడిచి నింపింది. ఒకటి సూర్యాపేట బస్సెక్కింది. 'సగం బియ్యం నీకే బిడ్డా' అని ఫోన్ చేసింది. రెండోదాని మూతకి ఓ కాగితం అంటించింది. బస్తా విప్పిన తేదీ రాసి.