పెద్దకోడలి విమానం

మొన్న సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా నా పులిహోరని తెగ మెచ్చుకున్నారు. నేను వినయంగా నవ్వి ఊరుకున్నాను. అసలు కథ అది కాదనుకోండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ మధ్యాహ్నం మా అత్తగారు పాత ఆల్బం తీశారు. అందులో 1968లో ఢిల్లీ నుంచి బొంబాయి వెళ్ళేటప్పటి ఫోటో ఉంది. పట్టుచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు రెండు చేతుల్తోనూ గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. వెనకాల మూడుమూలల కిటికీల విమానం. "దాని పేరు కారవెల్" అన్నారు, పుట్టింటివాళ్ళ పేరు చెప్పినంత గర్వంగా.

ఇంకేం, విమానాల పిచ్చి ఉన్న మా అబ్బాయి అందుకున్నాడు. బి.ఏ. చదివిన నాకు రాజుల వంశవృక్షాలు వచ్చుగాని, విమానాలకీ వంశాలుంటాయని తెలీదు సుమండీ! వాడు చెబుతూంటే అచ్చం తోడికోడళ్ళ కథలా తోచింది.

పెద్దకోడలు కారవెల్‌ది ఫ్రాన్సు. 1955లో మొదట ఎగిరింది, 1959లో ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. దగ్గరి ఊళ్ళ మధ్య తిరగడానికని తయారైన జెట్లలో ఇదే మొదటిది. ఇంజన్లు తోక దగ్గర పెట్టారు. మోత వెనక్కి పోయి, లోపలివాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1964లో తెచ్చుకుంది.

తర్వాతివాళ్ళు ఆ పద్ధతే అందుకున్నారు. ఇంగ్లండువారి వన్-ఇలెవెన్ 1963లో ఎగిరింది. రెండు నెలలకే పరీక్షల్లో కూలి ఏడుగురు పోయారు. ముక్కు మరీ పైకెత్తితే, రెక్కల వెనక చెదిరిన గాలి ఎత్తైన తోకని కమ్మేసి, ముక్కు మళ్ళీ దిగదట. ఆ లోపం దిద్దుకుని 1965లో బయటికొచ్చేసరికి, అదే ఏడాది అమెరికా నుంచి డగ్లస్ వారి డీసీ-9 దిగింది. దానికెంత గిరాకీ అంటే, ఆర్డర్లు అందించలేక, ఖర్చులకి తట్టుకోలేక డగ్లస్ కంపెనీయే 1967లో మెక్‌డొనెల్‌తో కలిసిపోయింది. గిరాకీ ఎక్కువై మునగడం ఎక్కడైనా విన్నారా?

అందరికంటే ఆలస్యంగా, 1967లో ఎగిరింది చిన్నకోడలు బోయింగ్ 737. పొట్టి కాళ్ళు, బొద్దు ఒళ్ళు. ముందువాళ్ళు వరసకి అయిదు సీట్లు వేస్తే ఇది ఆరు వేసింది. ఇంజన్లు రెక్కల కిందే పెట్టుకుంది. నేలకి దగ్గర కాబట్టి పెట్టెలెక్కించడం, మరమ్మతులు చేయడం సులువు. కారవెల్‌లు మొత్తం 282 తయారైతే, ఇవి 2018కే పదివేలయ్యాయి.

"అయితే పెత్తనమంతా చిన్నకోడలిదేనన్నమాట!" అన్నారు అత్తగారు. మా ఇంటి నలుగురు కోడళ్ళలో ఆవిడే పెద్ద.

"ఆ పొట్టికాళ్ళే చివరికి చేటు తెచ్చాయి నాయనమ్మా" అన్నాడు వాడు. కొత్తరకంలో పెద్ద ఇంజన్లు కింద పట్టక ముందుకీ, పైకీ జరిపారట. దాంతో ముక్కు లేవకుండా ఒక కంప్యూటర్ ఏర్పాటు చేశారట. ఒక్క సెన్సర్ తప్పు చెబితే చాలు, అది ముక్కుని కిందికి తోసేసింది. 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో, రెండు ప్రమాదాల్లో 346 మంది పోయారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"మరి కారవెల్ ఎక్కడుందిరా ఇప్పుడు?"

"మ్యూజియంలో, నాయనమ్మా."

"పోనీలే. దారి చూపించింది కదా" అంటూ ఆల్బం మూసేశారు. ఆ మాట అనడంలో ఏముందోగాని, నా గుండెల్లో ముల్లులా దిగింది. నలభై మందికి వండి వార్చిన ఆ చేతులు ఇప్పుడు ఆల్బం తిప్పుతున్నాయి. ఆ వంటకి పేరు మాత్రం నాకొస్తోంది.

రాత్రి మా ఆడపడుచు "వదినా, నీ పులిహోర పాళ్ళు చెప్పవూ?" అంది.

"నా పులిహోర కాదు, అత్తయ్యది. నేను కలిపానంతే" అన్నాను అందరిముందూ.

అత్తగారు వినబడనట్టే కూర్చుని, వక్కపలుకు నోట్లో వేసుకుని అన్నారుకదా, "ఈసారి ఉప్పు పిసరంత ఎక్కువైందిలే!"