ఆవర్జా పేజీ నంబరు

ఇంటర్వ్యూల్లో నేను చాలామందిని అడిగే మొదటి ప్రశ్న: "ప్రైమరీ కీ అంటే ఏమిటి?" యూనిక్‌గా ఉండాలి, నల్ కాకూడదు అని ఠక్కున చెప్పేస్తారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి, మా ఊరి రామమందిరం లెక్కలు నా నెత్తిన పడేదాకా.

మాది పార్వతీపురం దగ్గర ఓ చిన్న పల్లె. 2019లో మందిరం బాగుచేయిద్దామని చందాలు మొదలెట్టారు. ఊళ్ళో సగంమంది వలసల్లోనే ఉంటారు. హైదరాబాద్‌లో వాచ్‌మెన్లు, చెన్నైలో తాపీ పనివాళ్ళు, నాలాంటి ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఎవరి దగ్గర ఎప్పుడుంటే అప్పుడు కాస్త పంపేవాళ్ళు. మా చిన్నాన్న అదంతా చిట్టాలోనూ ఆవర్జాలోనూ రాసేవాడు. "కంప్యూటరోడివి కదా, ఇక నువ్వే చూడు" అని నాకప్పజెప్పాడు.

ఓ సాయంత్రం కూర్చుని రెండు టేబుళ్ళు చేసేశా. ఒకటి దాతలు, ఇంకోటి చందాలు. ఇంటిపేరు, పేరు, ఊరు - ఈ మూడూ కలిపి ప్రైమరీ కీ. చందాల్లో అవే మూడు కాలమ్స్ ఫారిన్ కీ. పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది! దాతల్ని ఎక్కిస్తుంటే ఒకచోట డూప్లికేట్ అని ఎర్రర్ వచ్చింది. ముందే ఎక్కించేశాను కాబోలు అనుకుని ఆ వరస వదిలేశా.

పని అయ్యాక దాతల పేర్లు పాలరాయి మీద చెక్కించారు. మొత్తం రూపాయితో సహా సరిపోయింది. శ్రీరామనవమికి ఊరెళితే, హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ తాత నన్ను పక్కకి పిలిచాడు. "అన్నయ్య పేరుంది, బాగుంది. మరి నా పేరేటైపోనాది బాబూ?"

అన్నదమ్ముల పిల్లలిద్దరికీ తాత పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే. నా ఎర్రర్ ఆయనే! వాచ్‌మెన్ జీతంలోంచి రెండేసి వందలు పదకొండుసార్లు పంపాడు. ఆ డబ్బులన్నీ అన్నగారి పేరు మీద పడ్డాయి. ఫారిన్ కీ కూడా కిక్కురుమనలేదు. ఆ పేరుతో ఒక మనిషి ఉన్నాడా లేడా అనే కదా అది చూసేది! ఆయన ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టైంది.

సరిచేద్దామని కూర్చుంటే అసలు కష్టం తెలిసింది. దాతల టేబుల్‌కి కొత్త నంబర్ కాలమ్ పెట్టడం ఒక నిమిషం పని. చందాల్లో ఓ ఖాళీ కాలమ్ పెట్టి, పాత మూడు కాలమ్స్‌తో జాయిన్ చేసి నింపడం ఇంకో నిమిషం. కానీ ఆ ఇద్దరి వరసల్నీ ఏ క్వెరీ విడదీస్తుంది? ఎప్పుడూ ఎక్కించని తేడాని తర్వాత ఎక్కణ్ణించి తెస్తాం? చివరికి చిన్నాన్న పాత పుస్తకాలే దిక్కయ్యాయి. ఆవర్జాలో అన్నగారిది 14వ పేజీ, తాతది 31. చిట్టాలో ప్రతి పద్దు పక్కనా ఆవర్జా పేజీ నంబరు! "మనిషికో పేజీరా. పేరుకేటుంది, తాత పేరు అందరూ ఎట్టుకుంటారు" అన్నాడు. ప్రైమరీ కీ, ఫారిన్ కీ రెండూ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. నేనే వాటిని పారేసి తెలివి చూపించా. పలక నా ఖర్చుతో మళ్ళీ చెక్కించాను.

బుద్ధొచ్చిందా అంటే, సగమే. ఆ పేజీ నంబర్లకి ముందు జిల్లా గుర్తుగా "విజ" తగిలించి, "విజ-31" అంటూ రసీదులు అచ్చేయించా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మేం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాం. ఆలోచిస్తే ఇది కొత్తేం కాదు. 1948లో పార్వతీపురంలో పుట్టినవాడు విశాఖపట్నం జిల్లాలో పుట్టినట్టు. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం, 2022లో మన్యం. గడప దాటకుండానే నాలుగు జిల్లాలు! ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ అని రాస్తే టేబుళ్ళన్నీ మారతాయి. జనం బీరువాల్లో ఉన్న రసీదులు మారవు కదా.

రిలేషనల్ మోడల్‌ని 1970లో ప్రతిపాదించిన కాడ్, 1979లో రాసిన పేపర్లో ఈ మాటే అన్నాడు: జనం చేతిలో ఉండే కీలు మారే ప్రమాదం ఉంది, రెండు కంపెనీలు కలిస్తే ఉద్యోగుల నంబర్లు మారిపోవచ్చు అని. సరిగ్గా విజయనగరం జిల్లా పుట్టిన ఏడే! నేను చదివింది మాత్రం దెబ్బ తిన్నాక.

అలాగని ఆటో ఇంక్రిమెంట్ పెట్టేస్తే గొడవ వదిలిపోదు. ఒకే మనిషిని రెండు నంబర్లతో రెండుసార్లు ఎక్కించినా అది నోరెత్తదు. అందుకే పేరు, తండ్రి పేరు కలిస్తే ఇప్పుడు నా ప్రోగ్రాం ఆగి హెచ్చరిస్తుంది. నిర్ణయం మాత్రం దానిది కాదు, చిన్నాన్నకి ఫోన్ చేసి అడగాల్సిందే.

ఇంటర్వ్యూల్లో ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నా: "డూప్లికేట్ అని ఎర్రర్ వస్తే ఏం చేస్తావు?" వదిలేస్తాననేవాళ్ళకి ఈ కథ చెప్తాను.