దగ్గర మాటలు, దూరపు మాటలు

ఒకే ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఇద్దరు మనుష్యులు ఒకరికొకరు తెలిసినవారు కారు. మన చంద్రపూర్ పాత కోటగోడకు జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బింబా అని నాలుగు దర్వాజాలున్నవి గదా. జట్‌పురా దర్వాజా వద్ద ఒకరూ, పఠాన్‌పురా దర్వాజా వద్ద ఒకరూ కాపురముంటే, ఇద్దరిదీ ఒకే ఊరే. అయినా ఏళ్ళ తరబడి ముఖముఖాలు చూసుకోకపోవచ్చును. అదే ఎదురెదురు వాకిళ్ళయితే మాటామంతీ, ఇచ్చిపుచ్చుకోవడాలూ వాటంతటవే వస్తవి.

మాటల సంగతీ అంతే. ఒక పుటలో రెండు మాటలున్నవని వాటికి సంబంధం ఉన్నదనుకోరాదు. అవి ఎంత దగ్గరగా ఉన్నవో చూడాలి. ఇంటర్నెట్టులో వెదికేవారికి ఈ చిన్న సూక్ష్మం తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది.

ఈ విషయం మన పత్రికలో దేనికని అడగవచ్చు. కారణం ఉన్నది. మన ఇళ్ళలో పిల్లలు ఇప్పుడు, "తాతా, మనది అసలు ఏ ఊరు? ఇక్కడికి ఎప్పుడొచ్చినం?" అని అడుగుతున్నారు. చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. పిల్లలు చూసేది చేతిలోని ఫోను. అందులో ఏమీ దొరకకపోతే, మన సంగతి ఎక్కడా లేదనే అనుకుంటారు. ఉన్నది దొరకకపోవడం లేకపోవడంకన్నా అన్యాయం.

పైగా మన ఊరి పేరే ఒక చిక్కు. ఇది 1964 ప్రాంతం దాకా చాందా. ఇంగ్లీషు అక్షరాలలో చాందా అని కొడితే సంఘాలకు కట్టే చందా కూడా వచ్చి పడుతుంది. చంద్రపూర్ అని కొడితే ఛత్తీస్‌గఢ్‌లో మహానది ఒడ్డున ఉన్న మరో చంద్రపూర్ ఎదురవుతుంది. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ సంగతి ఇంకా విచిత్రం. ఒకప్పుడది ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 1874లో చాందా జిల్లాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అందులోకి పోయింది. ఊరు కదలలేదు, కాగితాలలో చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. మన పూర్వుల ఊసు ఈ మూడు పేర్లలో ఏ పేరు పక్కన పడి ఉన్నదో!

ఇక యంత్రం ఎట్లా వెదుకుతుందో చూద్దాము. పెద్ద పుస్తకాల చివర ఏ మాట ఏ పుటలో ఉన్నదో చెప్పే పట్టిక ఉంటుంది. వెదికే యంత్రం కూడా అటువంటి పట్టికనే ముందుగా తయారుచేసి పెట్టుకుంటుంది. అయితే అది పుటతో ఆగదు. ఆ పుటలో ఆ మాట ఎన్నవదో కూడా గుర్తు పెట్టుకోగలదు. చాందా 40వ మాట, తెలుగు 43వ మాట అయితే ఎడం మూడే. ఒకటి 40వది, మరొకటి 4,000వది అయితే, ఒకటి జట్‌పురా, మరొకటి పఠాన్‌పురా అన్నమాట. ఒక తీసివేతతో తేలిపోయే లెక్క ఇది.

ఈ లెక్క కొత్తది కాదు. 1995లో వచ్చిన ఆల్టవిస్టాలో రెండు మాటల నడుమ ఇంగ్లీషులో 'నియర్' అని వ్రాస్తే, పది మాటల లోపు ఎడంలో ఉన్నవాటిని వెదికిపెట్టేది. అది 2013లో మూతపడ్డది. గూగుల్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో 'అరౌండ్' అని వ్రాసి, వెంటనే బ్రాకెట్లలో 5 అనో 10 అనో అంకె వేసే పద్ధతి ఒకటి ఉన్నది. ప్రతిసారీ అది ఖచ్చితంగా నడుస్తుందని మాత్రం నమ్మరాదు. కొటేషను గుర్తుల మధ్య మాటలను వరుసగా పెట్టడం ఇంతకన్నా గట్టి పద్ధతి. కాని ఆ వరుస తెలిసి ఉండాలి.

ఒక ఉదాహరణ చెప్తాము. బల్లార్షా, కాజీపేట మధ్య రైలుదారి పూర్తయినది 1929లో. ఆ దారి మన రాకపోకలను ఎంత మార్చినదో వేరే చెప్పనక్కరలేదు. ఊరికే బల్లార్షా, కాజీపేట అని కొడితే స్టేషన్ల జాబితాలు, బండ్ల వేళలు కుప్పలుగా వచ్చి పడతవి. వాటికి 1929 కూడా చేర్చి, మూడూ దగ్గరగా ఉండాలని అడిగితే, జాబితాలు వెనక్కుపోయి కథ చెప్పే వాక్యాలు ముందుకు రావడానికి వీలున్నది. బల్లార్‌పూర్ కాగితపు మిల్లు 1945లో స్థాపితమైనది. మిల్లు పేరు, 1945, తెలుగు అన్న మాటలను కూడా ఇట్లాగే వెదకవచ్చును.

తెలుగులో మరొక చిక్కు ఉన్నది. ఇంగ్లీషులో 'లో', 'కు', 'నుంచి' వంటివి విడివిడి మాటలు. మనకవి మాటకే అతుక్కుంటవి. చాందాలో, చాందాకు, చాందానుంచి అన్నవి యంత్రం కంటికి మూడు వేరు మాటలుగా కనిపించవచ్చు. 'ఊరు', 'అంతా' కలిసి 'ఊరంతా' అయితే ఊరు ఎక్కడికి పోయినదో దానికి తెలియదు. అందుచేత ఒక రూపంతో దొరకకపోతే మరొక రూపంతో వెదకాలి. ఇంకొక మాట. ఇంగ్లీషులో ఎనిమిది పది మాటలు పట్టే సంగతి మనకు నాలుగైదింటితో తీరుతుంది. కనుక తెలుగులో ఎడం తక్కువగా పెట్టుకోవడమే మేలు. తెలుగు లిపిలో అయిన తరువాత నాగరిలోనూ, ఇంగ్లీషు అక్షరాలలోనూ కూడా వెదకాలి. మన సంగతులు మూడు లిపులలో చెదిరి ఉన్నవి.

వెదకడం సరే, దొరికేటట్టు వ్రాయడం మన చేతిలో ఉన్న పని. సంఘం సంచికల్లో, పెండ్లి పుస్తకాల్లో, సంతాప లేఖల్లో మనం పేరు మొదటి పుటలోనూ, ఊరు నాలుగో పుటలోనూ, సంవత్సరం చివరనూ వేస్తాము. చదివే మనిషి కలుపుకుంటాడు, యంత్రం కలుపుకోలేదు. ఇంటిపేరు, వచ్చిన ఊరు, చేరిన ఊరు, చేసిన పని, సంవత్సరం, ఈ ఐదూ ఒకే వాక్యంలో ఒక్కసారైనా రావాలి. చాందా అని వ్రాసినచోట చంద్రపూర్ అని కూడా పక్కన వ్రాయాలి. అచ్చయిన దానిని వట్టి బొమ్మగా కాక, అక్షరాలుగా ఎక్కించాలి. బొమ్మలోని అక్షరం, ముఖ్యంగా తెలుగక్షరం, యంత్రానికి తరచు సరిగా చిక్కదు.

మన పిల్లలలో చాలామంది చదువు మరాఠీలో, ఇంగ్లీషులో సాగుతున్నది. దానికి చింతించి లాభం లేదు. వాళ్ళు రేపు ఏ లిపిలో వెదికినా, చాందా పక్కన తెలుగు, తెలుగు పక్కన తమ ఇంటిపేరు కనపడాలి. ఆ మూడు మాటలను ఎదురెదురు వాకిళ్ళలో కూర్చోబెట్టవలసినవాళ్ళం మనమే. పెద్దలు ఉన్నప్పుడే అడిగి, ఈ వారమే ఒక వాక్యం వ్రాసి పెట్టుకుందాము.