రిమార్కుల గడిలో రాసిన మాట

బొమ్మను ఈజిల్ మీద నిలబెట్టగానే కమిటీలో ఒక పెద్దాయన అడిగారు: "ఇది జానపదమా, ఆధునికమా?"

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ చిత్రశాలలో రిజిస్టర్లు రాసేవాణ్ణి. కొనుగోలు కమిటీ కూర్చున్న రోజు బొమ్మలు ఒక్కొక్కటే లోపలికి తెచ్చి, వెనక రాసి ఉన్న పేరు, కొలతలు, ధర చదివి వినిపించడం నా పని. చిత్రకారులు వరండాలో బెంచీల మీద కూర్చునేవారు. వాళ్లను లోపలికి పిలిచే పద్ధతి లేదు.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. జానపదమని తేలితే బొమ్మ హస్తకళల పద్దులోకి పోతుంది, ధర సగానికి సగం పడిపోతుంది. ఆ బొమ్మ వేసింది పాలమూరు జిల్లా బడిలో పనిచేసే డ్రాయింగ్ మాస్టారు. ఖద్దరు బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద టెంపెరాలో వేశారు. చేర్యాల నకాషీ పటాల్లో కనిపించే ఎర్రటి నేపథ్యం. ఊరి బయట మేస్త్రీ లారీ కోసం మూటలతో, తట్టలతో కూర్చున్న వలస కూలీలు. అందరూ కుడివైపే ఒకరినొకరు ఒరుసుకుని ఉన్నారు. ఎడమవైపు ఏమీ లేదు, వట్టి ఎరుపు.

"కంపోజిషన్ కుదరలేదు. సగం బట్ట వృథా చేశాడు" అన్నారు ఆ పెద్దాయనే.

కమిటీలో మరొకాయన ఒప్పుకోలేదు. సిద్దిపేట కాపు రాజయ్య గారు నకాషీ పని నుంచే తన గీత తీసుకుని బోనాలూ కోలాటాలూ వేయలేదా, ఆయన్ని ఆధునిక చిత్రకారుడనడానికి ఎవరికైనా అభ్యంతరముందా అని గట్టిగా వాదించారు. కాసేపటికి బొమ్మ తీసుకోవాలనే తేలింది. అడిగిన ధరలో కొంత కోసి రాశారు.

నేను వరండాలోకి వెళ్లి మాస్టారికి సంగతి చెప్పాను. ధర విని తలూపారు. తర్వాత అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "పైసల సంగతి సరే సార్, గోడకు పెడ్తరా, స్టోర్ల పెడ్తరా?"

ఆయన భయం అర్థం కావాలంటే ఆ రోజుల సంగతి కొంత చెప్పాలి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం అకాడమీలన్నిటినీ రద్దు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ కూడా పోయింది. జిల్లాల్లో బొమ్మలు వేసుకునేవాళ్లకు ఇంటికి దగ్గరలో ఉన్న ఒక గడప అలా మూతపడింది. కేంద్ర లలిత కళా అకాడమీ, జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం రెండూ 1954 నుంచి ఉన్నాయి గానీ అవి ఢిల్లీలో ఉన్నాయి. బడికి సెలవు పెట్టి, పెద్ద బొమ్మను రైల్లో అంతదూరం మోసుకుపోయే స్తోమత ఎంతమందికి ఉంటుంది?

బొమ్మ నిలవాలంటే ఎవరో ఒకరు పట్టుదలగా కాపాడాలి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచితో పోయేనాటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. వరద వెంకటరత్నం లాంటి మిత్రులు, ఇంటివాళ్లు ఆయన చిత్రాలను చెదరనివ్వలేదు కాబట్టే ఈనాడు ఆయన పేరున అక్కడ ఒక చిత్రశాల ఉంది. అంతటి మిత్రులు అందరికీ దొరకరు. దొరకనివాళ్ల కోసమే ప్రభుత్వ సేకరణ.

ఇక బిల్లు పంపితే అకౌంట్స్ వాళ్లు ఆబ్జెక్షన్ రాసి ఫైలు తిప్పి పంపారు. మూడు కొటేషన్లు జతచేయలేదట. ఒక మనిషి ఒక్కసారి వేసిన బొమ్మకు మూడు కొటేషన్లు ఎక్కడినుంచి తేవాలి? బల్లలకూ బీరువాలకూ పెట్టిన నిబంధనే దీనికీ పట్టించారు. నోట్ మీద నోట్ రాశాం. మాస్టారి చేతికి డబ్బు అందేసరికి ఏడాది తిరిగింది. ఈలోగా ఆయన మా ఆఫీసుకు రాసిన ఉత్తరాల్లో డబ్బు కంటే బొమ్మ గురించే ఎక్కువ ఉండేది: తడి తగలనివ్వకండి, సుద్ద పెచ్చులు లేస్తుంది.

బొమ్మను గోడకు తగిలించిన రోజున మా ప్రహరీగోడ కట్టడానికి వచ్చిన కూలీలు మధ్యాహ్నం నీళ్ల కోసం లోపలికి వచ్చారు. వాళ్లదీ పాలమూరే. వాళ్లలో ఒకావిడ కుండ పక్కన పెట్టి బొమ్మ ముందు నిలబడిపోయింది. మూటలు చూసింది, ముఖాలు చూసింది. ఎడమవైపు ఎందుకు ఖాళీగా ఉందో నేనే అడిగాను.

"పిల్లలు లేరు గద సారూ. ముసలోళ్ల కాడ ఇడిసిపెట్టి పోతం. గా జాగ వాళ్లది."

నాకు నోట మాట రాలేదు. తర్వాత మాస్టారు వచ్చినప్పుడు చెబితే, అవునన్నట్టు తలూపి కళ్లు తుడుచుకున్నారు. యాక్సెషన్ రిజిస్టరులో నంబరు, కొలతలు, మాధ్యమం, ధర రాయడానికి గడులున్నాయి. బొమ్మకు అర్థం చెప్పినవాళ్ల మాట రాయడానికి గడి లేదు. అందుకే ఆవిడ మాటను, ఆవిడ మాట్లాడినట్టే, చివరి రిమార్కుల గడిలో రాశాను. ఆడిట్‌వాళ్లు దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. నేను కొట్టేయలేదు.

కొన్నేళ్లకు గోడలు సర్దినప్పుడు ఆ బొమ్మ స్టోర్‌కు పోయింది. వానాకాలం తేమకు ఎరుపు ఒక మూల పెచ్చులూడింది, మాస్టారు భయపడినట్టే. నేను రిటైరయ్యేనాటికి అది స్టోర్‌లోనే ఉంది. ఇప్పటికీ నేననేది ఒకటే: ప్రాంతీయ చిత్రకారుల పనిని వాళ్లు బతికుండగానే కొనాలి, అడిగిన ధర ఇవ్వాలి, బొమ్మ గురించి వాళ్లతోనే చెప్పించి రాసుకోవాలి. కొన్నదాన్ని జనానికి చూపించాలి. చూపించనిదాన్ని కొన్నట్టు లెక్క కాదు.

ఇది చదివేవాళ్లకు ఒక మనవి. మీ దగ్గర్లోని ప్రభుత్వ మ్యూజియానికో చిత్రశాలకో వెళ్లి, మా జిల్లా చిత్రకారులవి ఏమేం కొన్నారు, అవి ఎక్కడున్నాయి అని అడగండి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి జాబితా తెప్పించుకోండి. ఆ బొమ్మలు మన డబ్బుతో కొన్నవి.