విరిగింది లాప్‌టాప్, తిట్లు తిన్నది మా పిల్ల

ఈరోజు పంట సంగతి కాదు, మా ఇంట్లో లాప్‌టాప్ సంగతి. మీలో చాలామంది పిల్లలకి కొనిచ్చే ఉంటారు, ఓపిగ్గా చదవండి.

పోయినేడు గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మిన డబ్బుల్లో 42 వేలు పెట్టి మా అమ్మాయి బీటెక్ చదువుకని కొన్నా. పదకొండో నెలలో మూత తెరుస్తుంటే టక్కుమంది. కీలు దగ్గర ప్లాస్టిక్ విరిగి తెర అంచు పైకి లేచింది. సర్వీసు సెంటరుకి పోతే, "కింద పడేశారు, వారంటీ రాదు, 9 వేలవుద్ది" అన్నారు. నేనూ అదే నమ్మి పిల్లని తిట్టా. అది ఏడ్చింది, పడెయ్యలేదు నాన్నా అని. కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టింది. "మీ ఫిర్యాదు అందింది" అనే ముక్క తప్ప ఇంకేం రాలేదు.

నరసరావుపేటలో రిపేరు కుర్రాడు చూడగానే నవ్వాడు. "ఈ మోడలు నెలకి నాలుగైదు వస్తాయి బాబాయ్, అన్నీ ఇక్కడే విరుగుతాయి. కీలు ఇనుము, దాని మరలు దిగేది ప్లాస్టిక్‌లో." ఈ కుర్రాడికి తెలిసింది, చేసినోడికి తెలీదా?

ఇది పాత జబ్బే. 1994లో ఇంటెల్ వాళ్ల పెంటియం చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేసేది. కంపెనీకి తెలిసినా జనానికి చెప్పలేదు. అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసరు పట్టుకుని నలుగురికీ రాశాక బయటపడింది. మామూలోళ్లకి 27 వేల ఏళ్లకోసారి వస్తుందిలే అన్నారు. గోల పెరిగాక డిసెంబర్ 20న, అడిగినోళ్లందరికీ మారుస్తామని ఒప్పుకున్నారు. 47.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకున్నారు.

విత్తనం మొలవకపోతే డీలరూ "లోతుగా వేశావు, తేమ చాల్లేదు" అనే అంటాడు. కానీ మనకి సంచి మీద లాట్ నంబరు ఉంటది. పక్క చేలో అదే లాటు మొలవలేదని చూపిస్తాం, ఏఓ గారిని పిలుస్తాం. లాప్‌టాప్‌కి పక్క చేను కనపడదే! ఎవడింట్లో వాడు మా పిల్లే పడేసిందనుకుంటాడు. డబ్బు కన్నా నాకు మండేది అదే.

వినియోగదారుల నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. మీ ఇంట్లోనూ కీలు దగ్గరే విరిగుంటే బిల్లు, ఫోటో దాచిపెట్టి నాకు చెప్పండి. నలుగురం దొరికితే ఒకే కాగితం మీద రాసి పంపుదాం.