ఎక్కడో జారిన సున్న

అంతర్జాలపు పుట మన యంత్రానికి అక్షరాలుగా రాదు, బైట్లుగా వస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు చిహ్నం ఒక్కొక్కటీ మూడు బైట్లు. మా ఊరి పేరు 'పలమనేరు'లో గుణింతపు గుర్తులతో కలిపి చిహ్నాలు ఏడు, అంటే 21 బైట్లు. వాటిని లాటిన్-1 అనుకొని చదివితే తెలుగు పోయి, నెత్తిన గీతలున్న రోమను అక్షరాలూ డిగ్రీ గుర్తులూ బారులు తీరుతాయి. కామన్ లిస్పులో పుటలను తెచ్చిపెట్టే డ్రాక్మా, మనం గానీ సర్వరు గానీ సంకేతలిపి చెప్పకుంటే లాటిన్-1 నే నమ్ముతుంది. ఇది చిన్న చిక్కే. బైట్లు పదిలంగా ఉన్నాయి గనుక యూటీఎఫ్-8 అని చెప్పి మళ్ళీ చదివిస్తే చాలు.

బైట్లే పోయినప్పటిది వేరు కథ. కాలం చేసిన మదనపల్లె మిత్రుడొకడి పాత రచనలను వాళ్ళమ్మాయి కోరికపై పోగుచేస్తూండగా అది ఎదురైంది. నడుమ ఏదో ప్రోగ్రాము ఆ పుటలను లాటిన్-1 గా భావించి, ఆ పట్టికలో అదృశ్య నియంత్రణ సంకేతాలైన 128 నుండి 159 వరకు గల బైట్లను ఊడ్చివేసింది. మన సున్న మూడవ బైటు 130! ఏత్వమూ కొమ్మూ కూడా ఆ మేరలోనివే. ఇక మిగిలిన ముక్కలను చప్పుడు చేయకుండా పారవేస్తే 'పలమనేరు' కాస్తా 'పలమనర' అవుతుంది. దాన్నైనా పోల్చుకోవచ్చు. 'మంది' 'మది'గా, 'పంది' 'పది'గా మారితే? అవీ మంచి తెలుగు మాటలే! తప్పు జరిగినట్టే తెలియదు.

లిస్పు గొప్పదనం ఇక్కడే కనబడింది. ఎస్బీసీఎల్‌లో బైట్లను అక్షరాలుగా మార్చేటప్పుడు చెడిన చోటు తగిలితే, పని పాడుకాకుండా ఆగి 'ఏం చేయమంటావు?' అని అడిగినట్టుగా మార్గాలు చూపుతుంది. బదులు అక్షరమిచ్చి అక్కడినుండే సాగిపొమ్మనవచ్చు. నేను ప్రతి గాయం దగ్గరా ప్రశ్నార్థకమున్న నల్ల వజ్రపు గుర్తును ఉంచమన్నాను. మూల బైట్లను విడిగా దాచాను. పిదప వాక్యార్థాన్ని బట్టి చేతితో పూరించాను. నిశ్చయం కుదరని చోట్ల గుర్తును అలాగే వదిలాను.

తాళపత్రాలను పరిష్కరించిన పండితులు శిథిలమైన చోట చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలు తరువాతివారికి పిలుపు. లోపాన్ని కనబడనిస్తే రేపు ఎవరైనా పూరించగలరు. నున్నగా చెరిపివేస్తే మాత్రం, ఆయన అనని మాటే ఆయన మాటగా నిలిచిపోతుంది.