కంచము ప్రక్కకు నెట్టిన కూర

మా యెనిమిదేండ్ల కుమారుఁడు పప్పన్నము తిని, కూరముక్కల నన్నిటిని కంచము ప్రక్కకు నెట్టివేయుచుండెడివాఁడు. బుజ్జగించితిమి, గద్దించితిమి, తుదకు కూర తిన్నచో మిఠాయి పెట్టుదుమని యాశ చూపితిమి. దానివలన మిఠాయిపై మక్కువ హెచ్చినదే కాని కూరపైఁ బుట్టలేదు. ఒకనాఁడు వాని చొక్కా నుతుకఁబోవ జేబులో బెండకాయముక్కలు కనఁబడినవి. మాకు నవ్వును వచ్చినది, సిగ్గును వచ్చినది.

వాని కనుఱెప్పల లోపలితట్టు పాలిపోయియుండుటఁ జూచి వైద్యురాలు రక్తహీనత యన్నప్పుడు మాత్రము నవ్వు రాలేదు. మందుతోపాటు ఆకుకూరలును, వానితోడ నిమ్మరసమో జామకాయయో పెట్టుఁడని యామె చెప్పెను. నిమ్మ, జామలలోని 'సి' విటమిను ఆకులలోని యినుమును దేహమున కంటునట్లు చేయును. ఆఱు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు దినమునకు 350 గ్రాములకుఁ దక్కువ కాకుండఁ గూరలు, పండ్లు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోఁ దెలిపినది. మావాఁడు దానిలో నాలుగవవంతైనను తినుచుండెనా!

అంతట మావారు బడిపెరటిలోఁ బిల్లలచేత బీరపాదు పెట్టించిరి. నీరు పోయు వంతు మావానికిని వచ్చినది. మొదటికాయను వాఁడే కోసి తెచ్చి, "అమ్మా, ఇది నా కాయ!" అనెను. కాయ కూరయు, పొట్టు పచ్చడియుఁ జేసితిమి. (బీరపొట్టు పాఱవేయు నిల్లాండ్రపై మాకుఁ గోపము.) వాఁడు చెల్లెలికైన మిగుల్పక తినెను.

వంకాయను నేఁటికిని ముట్టఁడు. బడిలో వంగనారు పోయింతుమనుచున్నారు, చూతము.